నేసినవాళ్లకు కూలి గిట్టేలా చేనేత చీర కొనడం ఎలా?

చీర మీద ఎన్ని ముద్రలున్నా, నేసిన మనిషికి ఎంత ముట్టిందో వాటిలో ఏదీ చెప్పదు. అది చేతి మగ్గం మీద నేసిందా, పట్టు అసలుదా, ఫలానా ఊరిదేనా అన్న సంగతులు ముద్రలు చూస్తే తెలుస్తాయి. మజూరీ, అంటే నేత కూలి సంగతి మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి. 2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన లెక్కల్లో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు నేత, అనుబంధ కార్మికులు ఉన్నారు. వాళ్ల కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతులు నెలకు 5,000 రూపాయల లోపు సంపాదనతో బతుకుతున్నట్టు తేలింది. అదే నేత మన పెళ్లిళ్లలో, పట్టు చీరల షోరూముల్లో ఏ ధర పలుకుతోందో మీకు తెలుసు. ఈ రెండింటి మధ్య సొమ్ము ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టి, సాధ్యమైనంత మగ్గం దాకా చేర్చడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

1. ఏ ఊరి నేత కావాలో ముందే తేల్చుకోండి

"ఏదో ఒక హ్యాండ్‌లూమ్ చూపించండి" అని షాపులోకి వెళితే, షాపువాడికి ఎక్కువ మిగిలేదే మీ ముందు పరుస్తాడు. ఊరి పేరుతో అడిగితే మాట మారుతుంది. రోజూ కట్టుకోవడానికి, ఆఫీసుకు నూలు చీరలు కావాలంటే మంగళగిరి, వెంకటగిరి, చీరాల చుట్టుపక్కల ఈపూరుపాలెం, జాండ్రపేట, కోనసీమలో బండారులంక, తెలంగాణలో నారాయణపేట ఉన్నాయి. బుటా కోసం అయితే ఉప్పాడ జాంధానీ, సిద్దిపేట గొల్లభామ. నూలు ఒళ్లు, పట్టు అంచు కావాలంటే గద్వాల. చిటికీ కట్టి (దారానికి అక్కడక్కడ ముళ్లు కట్టి) రంగేసిన ఇక్కత్ కోసం పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం. నిండు పట్టు, పెద్ద జరీ కావాలంటే ధర్మవరం.

పొందూరు వేరే కథ. అక్కడ నూలు కూడా చేత్తోనే వడుకుతారు కాబట్టి అది ఖాదీ. పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడే పద్ధతి అక్కడ ఇప్పటికీ ఉంది. ఖాదీ వేరు, చేనేత వేరు. చేనేతలో నేత మాత్రమే చేతిది, నూలు మిల్లులోంచి వస్తుంది.

ఊరు తేలాక ఆ ఊళ్లో మామూలు చీరకు ఎన్ని రోజులు పడుతుందో ఎవరినైనా అడిగి ఉంచుకోండి. ఆ ఒక్క అంకె తరవాత చాలా పనికొస్తుంది.

2. ముద్రలు చదవడం నేర్చుకోండి, కానీ వాటి దగ్గరే ఆగిపోకండి

హ్యాండ్‌లూమ్ మార్క్‌ను కేంద్ర ప్రభుత్వం 2006లో తెచ్చింది. టెక్స్‌టైల్స్ కమిటీ దాన్ని ఇస్తుంది. చీరకు కుట్టిన చిన్న లేబుల్ మీద ఒక వరుస సంఖ్య ఉంటుంది. బట్ట చేతి మగ్గం మీద నేసిందని చెప్పేది ఇదే. 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినోత్సవం నాడు, ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ అని ఇంకొకటి వచ్చింది. అది నాణ్యత గురించి.

సిల్క్ మార్క్ దగ్గర చాలామంది పొరబడతారు. సెంట్రల్ సిల్క్ బోర్డు ఆధ్వర్యంలో 2004 నుంచి వస్తున్న ఆ ముద్ర పట్టు అసలుదని మాత్రమే హామీ ఇస్తుంది. మరమగ్గం మీద నేసిన స్వచ్ఛమైన పట్టుకు కూడా సిల్క్ మార్క్ వస్తుంది, అందులో మోసం ఏమీ లేదు. సేల్స్‌మన్ దాన్ని చూపించి "ప్యూర్ హ్యాండ్‌లూమ్ మేడం" అంటే అది మాత్రం మోసమే. పట్టు చీరకు రెండు లేబుళ్లూ అడగండి.

భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, పోచంపల్లి ఇక్కత్, గద్వాల, ఉప్పాడ, వెంకటగిరి, మంగళగిరి, ధర్మవరం, నారాయణపేట, గొల్లభామ లాంటి మన నేతలకు ఉంది. పుట్టపాకతో ముడిపడిన తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. జీఐ ఒక ప్రాంతానికి దక్కే హక్కు. దాన్ని వాడుకునే నేతకారులు, సంఘాలు విడివిడిగా నమోదు చేసుకోవాలి. "మీరు జీఐ కింద నమోదైన వాడకందారులేనా?" అని అడిగితే, నమోదైనవాళ్లు సర్టిఫికెట్ చూపించడానికి వెనకాడరు.

మరోవైపు, లేబుల్ లేనంత మాత్రాన అది చేనేత కాదని కొట్టిపారేయకండి. ఇంట్లో ఒక్క మగ్గం పెట్టుకుని నేసేవాళ్లలో చాలామందికి ఈ కాగితాల పని పెట్టుకునే తీరిక ఉండదు. అలాంటి చోట మీ కళ్లే లేబుల్.

3. చీరను తిరగేసి చూడండి

ముందు వెనక వైపు చూడండి. ఇక్కత్‌లో దారానికే ముందుగా రంగు పడుతుంది కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకే చిక్కదనంతో కనిపిస్తుంది. గీతల అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, కాస్త అలుక్కున్నట్టు ఉంటాయి. ముందు పక్క మెరిసిపోతూ వెనక పక్క వెలిసినట్టు ఉంటే అది ప్రింట్. పోచంపల్లి డిజైన్‌ను గుడ్డ మీద అచ్చేసి అదే పేరుతో అమ్మడం బజార్లో మామూలైపోయింది.

ఉప్పాడ జాంధానీలో ఒక్కో బుటాకు విడిగా దారం తిప్పుతారు. అందుకే వెనక దారాలు వేలాడవు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వు దాకా దారం పరుగెత్తదు. వెనక కత్తిరించిన దారపు మొనలు గరుకుగా తగిలితే అది జాంధానీ పద్ధతిలో నేసింది కాదు. గద్వాలలో ఒళ్లు, అంచు కలిసేచోట వేలితో తడమండి. ఒంటి రంగు పేక (అడ్డదారం) అంచులోకి పోకుండా, అక్కడ అంచు పేకతో లంకె పడుతుంది. దాన్నే కుప్పడం అంటారు. అది చేయడానికి మూడు నాడెలు (పేక దారాన్ని మోసుకెళ్లే పనిముట్లు) ఆడాలి.

తరవాత అంచు చివర చూడండి. చేతి మగ్గంలో నాడె అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి పేక దారం తెగకుండా వెనక్కి మళ్లుతుంది. అక్కడ దారాలు తెగి చిన్న కుచ్చులా కనిపిస్తే అది నాడె లేని మరమగ్గం మీద నేసింది, సందేహం అక్కర్లేదు. తెగకపోతే మాత్రం చేనేతే అని చెప్పలేం, నాడెతో నడిచే మరమగ్గాలూ ఉన్నాయి. అంచుల దగ్గర సూది గుచ్చినట్టు చిన్న రంధ్రాలు ఉంటే చేనేత అని చాలామంది చెబుతారు. బట్ట వెడల్పు తగ్గకుండా పట్టి ఉంచే కర్ర వల్ల అవి పడతాయి. మరమగ్గం మీద కూడా అలాంటి గుర్తులు పడతాయి కాబట్టి ఆ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

పోగు ఏదన్న అనుమానం ఉంటే, కొంగు చివర ఒక దారం లాగి బయట కాల్చి చూడవచ్చు. నూలు కాగితంలా మండి బూడిద అవుతుంది. పట్టు కాలుతుంటే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలింది వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. కొనకముందు షాపులో అగ్గిపుల్ల తీయకండి, దారం అడిగి తీసుకోండి.

ఒక మాట. మరమగ్గం శత్రువేమీ కాదు. సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే కార్మికులు కూడా కూలి కోసం, పని కోసం ఏళ్ల తరబడి పోరాడుతున్నవాళ్లే. మరమగ్గం బట్టను ఆ పేరుతో, ఆ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చేనేత పేరు తగిలించి చేనేత ధరకు అమ్మినప్పుడు ఇద్దరు కార్మికులకూ దక్కకుండా మధ్యలోవాడికి లాభం పోతుంది. చేనేత రిజర్వేషన్ చట్టం 1985లో వచ్చింది. మొదట 22 రకాల బట్టలు చేతి మగ్గానికే ప్రత్యేకించారు, తరవాత వాటిని 11కు కుదించారు. ఆ జాబితాలోని చీరల రకాలను మరమగ్గం మీద నేయడం ఇప్పటికీ నేరమే.

4. ఎవరి దగ్గర కొంటున్నారో అర్థం చేసుకోండి

"నేరుగా నేతన్న దగ్గరే కొనండి" అని అందరూ సలహా ఇస్తారు. వినడానికి బాగుంటుంది గానీ, ఆ మాట సగం ఊళ్లలో పనిచేయదు. కారణం ఏమిటంటే, మగ్గం మీద ఉన్న చీర చాలాసార్లు నేసేవాళ్లది కాదు. నూలు, జరీ, డిజైన్ అన్నీ మాస్టర్ వీవర్ (ఊళ్లో షావుకారు అనేది ఆయన్నే) ఇస్తాడు. నేసినందుకు మజూరీ ముడుతుంది. ఇంటి ఖర్చుకో, ఆడపిల్ల పెళ్లికో ముందే తీసుకున్న అడ్వాన్సు కూడా ఉండొచ్చు. అలాంటి ఇంటికి వెళ్లి "ఈ చీర నాకు ఇచ్చెయ్యి, రెండు వేలు ఎక్కువ ఇస్తా" అంటే మీరు మేలు చేసినట్టు కాదు. వేరేవాళ్ల సరుకు అమ్ముకున్నారన్న నింద పడి, వచ్చే పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారం) రాకుండా పోవచ్చు.

కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న: "అన్నా, ఈ చీరకు నూలు మీరే పెట్టుకున్నారా, షావుకారు ఇచ్చారా?" సొంత నూలు అయితే హాయిగా కొనండి. షావుకారిది అయితే చీర అడగకండి. మజూరీ ఎంత, ఎన్నాళ్లు పడుతుంది అని మాత్రం అడిగి రండి. తరవాత ఆ మాస్టర్ వీవర్ దగ్గరే చీర కొంటూ అదే ప్రశ్న వేయండి. రెండు జవాబులూ కలిస్తే ఆయన దగ్గర మళ్లీ మళ్లీ కొనొచ్చు.

మాస్టర్ వీవర్ అనగానే దోపిడీదారు అనుకోనక్కర్లేదు. అమ్ముడుపోని సరుకు భారం, షోరూములు నెలల తరబడి బాకీ పెట్టే భారం ఆయన మీదే ఉంటుంది. కొవిడ్ రోజుల్లో సరుకు పేరుకుపోయి మునిగిన మాస్టర్ వీవర్లు ఉన్నారు. మంచి ఆయన ఎవరు, పీల్చేసే ఆయన ఎవరు అన్నది ఊరు మొత్తానికీ తెలిసే ఉంటుంది. టీ కొట్టు దగ్గర అరగంట కూర్చుంటే మీకూ తెలుస్తుంది.

రెండో దారి సహకార సంఘం. మన దగ్గర దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన సంఘం అందులో పేరున్నది. సంఘంలో మజూరీకి రేట్ల పట్టిక ఉంటుంది, మస్టరు (హాజరు పట్టీ) ఉంటుంది, సభ్యుడికి పొదుపు నిధి ఉంటుంది. తెలంగాణలో 2017లో మొదలైన నేతన్నకు చేయూత పథకంలో నేతకారుడు మజూరీలో 8 శాతం దాచుకుంటే ప్రభుత్వం 16 శాతం జత చేసేలా పెట్టారు. మజూరీ కాగితం మీదికి ఎక్కితేనే ఇలాంటివి దక్కుతాయి. అందుకే ధర ఒకటే అయినప్పుడు నేను సంఘం వైపే మొగ్గుతాను.

అయితే సంఘాలన్నీ బతికి లేవు. బోర్డు వేలాడుతూ మగ్గాలు ఆడని సంఘాలు, బయట సరుకు కొని తమదని అమ్మే సంఘాలు కూడా ఉన్నాయి. "ఇప్పుడు ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి? పోయిన నెల మజూరీ ఇచ్చేశారా?" అని అడగండి. పనిచేస్తున్న సంఘం మేనేజరు లేచి మిమ్మల్ని మగ్గాల దగ్గరికి తీసుకెళతాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కో, తెలంగాణలో టెస్కో పేరుతో మొదలైన సంస్థ, ఈ సంఘాల సరుకునే అమ్ముతాయి. వాటి షోరూముల్లో డిజైన్లు పాతగా ఉంటాయన్న ఫిర్యాదులో కొంత నిజం ఉంది. బెడ్‌షీట్లు, తువ్వాళ్లు, లుంగీలు, రోజువారీ నూలు చీరలకు మాత్రం అంతకంటే నమ్మకమైన చోటు వెతకనక్కర్లేదు.

మూడోది, నేతకారులతో ఏళ్లుగా పనిచేస్తున్న సంస్థలు. హైదరాబాద్ కేంద్రంగా దస్త్‌కార్ ఆంధ్ర, మల్ఖా అలాంటివి. మల్ఖా పద్ధతిలో పత్తిని గట్టి బేళ్లుగా నొక్కకుండానే ఊరి దగ్గరే వడికి, సహజ రంగులద్ది, చేతి మగ్గం మీద నేస్తారు. ధర కాస్త ఎక్కువే. ఎందుకు ఎక్కువో అడిగితే దాచకుండా చెబుతారు.

ఆన్‌లైన్‌లో అయితే ఇండియా హ్యాండ్‌మేడ్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నేతకారులు, సంఘాలు నేరుగా సరుకు పెడతారు. ఇన్‌స్టాగ్రామ్ పేజీల దగ్గర జాగ్రత్త. మగ్గం వీడియో పెట్టినంత మాత్రాన ఆ చీర ఆ మగ్గానిది కాదు. "నేసిన ఊరు, నేసినవాళ్ల పేరు, మజూరీ" ఈ మూడూ మెసేజ్ పెట్టి అడగండి. అమెరికా నుంచో, దుబాయ్ నుంచో పెళ్లికి పది చీరలు ఒకేసారి తెప్పించుకునేవాళ్లు మరీ అడగాలి. ఆ పది చీరలు ఒక ఇంటికి కొన్ని నెలల పని.

5. మజూరీ లెక్క వేయండి

ఇదే అసలు పని. "చీరకు 1,800 మజూరీ ఇస్తున్నాం" అని ఎవరైనా అంటే బాగానే ఉందనిపిస్తుంది. ఎన్ని రోజులకు, ఎంతమందికి అని అడిగేదాకా ఆ అంకెకు అర్థం లేదు.

మగ్గం మీద కూర్చున్న ఒక్కరే చీర నేసినట్టు లోకం అనుకుంటుంది. అంతకుముందు చిలపలు (నూలు కట్టలు) తడిపి రంగేయాలి, పడుగు చేయాలి, వీధిలో సాగదీసి గంజి పెట్టి ఆరబెట్టాలి, పాత పడుగు పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటీ అతకాలి, కండెలు చుట్టాలి. మన దగ్గర చాలా ఇళ్లలో ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే, దానికి విడిగా కూలి రాసేవాళ్లు అరుదు. పోచంపల్లి ఇక్కత్‌లో ఆసు పోయడం అని ఉంటుంది, అంటే చిటికీ కట్టేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి అమర్చడం. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదపాలి. ఆ పనితో తల్లి భుజం నొప్పి పడటం చూసి యాదాద్రి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. దానికి ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఒక్క పని ఎంత కష్టమో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

లెక్క ఇలా వేయండి. ఇవి పద్ధతి చూపడానికి నేను వేసుకున్న అంకెలు, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి. ఒక పడుగు మీద 8 చీరలు. చీరకు 1,800 చొప్పున మొత్తం 14,400. పడుగు అతికినవాళ్లకు, గంజి పెట్టినవాళ్లకు ఇంటివాళ్లే ఇచ్చిన 1,500 తీసేస్తే 12,900. పడుగు దిగడానికి 26 పని రోజులు పట్టింది. మగ్గం మీద ఒకరు, పక్కన సగం పూట ఇంకొకరు, అంటే 39 మనిషి రోజులు. 12,900ను 39తో భాగిస్తే రోజుకు దాదాపు 330 రూపాయలు.

ఇప్పుడు దీన్ని దేనితో పోల్చాలి? 2025–26లో ఉపాధి హామీ కూలి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలు. నేర్చుకోవడానికి ఏళ్లు పట్టే పని, ఏ శిక్షణా అక్కర్లేని మట్టి పని కంటే రోజుకు 23 రూపాయలు మాత్రమే ఎక్కువ తెస్తోందన్నమాట. 307 కంటే తక్కువ తేలితే ఆ చీర అక్కడే పెట్టేయండి. మేస్త్రీ పక్కన పనిచేసే మనిషికి మీ ఊళ్లో ఎంత ఇస్తున్నారో చూసి, కనీసం ఆ దరిదాపుల్లో ఉందా అని చూడటం ఇంకా సబబు.

ఈ లెక్కలో ఇంకొకటి కూడా బయటపడుతుంది. అదే చీరకు మజూరీ 400 పెంచారనుకోండి. పడుగుకు 3,200 పెరిగి రోజు కూలి 330 నుంచి 412కు చేరుతుంది, అంటే నాలుగో వంతు పెరుగుదల. షాపులో ఆ చీర 4,500 అయితే మనకు పెరిగేది తొమ్మిది శాతం. షోరూములో మనం బేరమాడి తగ్గించుకునేది కూడా ఇంచుమించు అంతే.

6. బేరం ఎక్కడ ఆడాలి, ఎక్కడ ఆడకూడదు

పెద్ద షోరూములో ఎంతైనా బేరం ఆడండి, నేనేమీ అనను. అక్కడి ధరలో ఏసీ, అద్దె, హోర్డింగు మీది హీరోయిన్ పారితోషికం అన్నీ ఉన్నాయి. మగ్గం దగ్గర మాత్రం వద్దు. నూలు ధర మిల్లు చేతిలో ఉంది. చిలప నూలు కొరత ఎప్పుడూ ఉండేదే. మిల్లులు దేశీయ అమ్మకానికి తయారుచేసే నూలులో ఇంత భాగం చిలపల రూపంలో ఇవ్వాలన్న నిబంధనను 2019లో 40 నుంచి 30 శాతానికి తగ్గించారు కూడా. జరీ సూరత్ నుంచి రావాలి. వాటి ధర తగ్గించడం నేసేవాళ్ల చేతిలో లేదు కాబట్టి బేరంలో తెగేది మజూరీ ఒక్కటే.

ఎప్పుడు కొనాలన్నది కూడా ముఖ్యం. దసరా, పెళ్లిళ్ల సీజన్‌కు ముందు అందరూ కొంటారు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, గిరాకీ పడిపోతుంది, షాపులు డిస్కౌంట్ బోర్డులు పెడతాయి. సరిగ్గా అప్పుడే వానలు మొదలవుతాయి. గుంట మగ్గం నేలలో తవ్విన గుంటలో ఉంటుంది, నీరు ఊరితే పని ఆగిపోతుంది. తడికి పడుగు ఆరదు. ఆ రోజుల్లో చేతిలో డబ్బు లేక చీరలు అయినకాడికి తెగనమ్ముకుంటారు. మీకు శ్రావణ మాసానికి చీర కావాలంటే ఆషాఢంలోనే వెళ్లి, మామూలు ధరకే కొనండి. ఏడాదిలో ఒక్క చీరే కొనేవాళ్లు ఆ ఒక్కటీ అప్పుడు కొన్నా చాలు.

7. ఆర్డర్ ఇచ్చేటప్పుడు

నచ్చిన రంగులో నేయించుకోవాలంటే కనీసం నూలుకు, జరీకి అయ్యే డబ్బు ముందే ఇవ్వండి. లేకపోతే ఆ డబ్బు కోసం వాళ్లు వడ్డీకి వెళ్లాలి. ఒక్క చీర కోసం ప్రత్యేకంగా పడుగు వేయడం గిట్టదు. పడుగు అంటే ఒకేసారి అరడజనో ఎనిమిదో చీరలకు సరిపడా వేసేది. ఇప్పటికే వేసి ఉన్న పడుగు మీద పేక రంగు మార్చి నేయించుకోవచ్చు, లేదా అక్కచెల్లెళ్లు, వదినలు, స్నేహితులు కలిసి ఒక పడుగు మొత్తం మాట్లాడుకోవచ్చు. నలుగురు కలిస్తే ఒక ఇంటికి నెల రోజుల పని ఖాయం చేసినవాళ్లవుతారు. మజూరీ ఎంతో కూడా మీరే ముందు చెప్పి ఒప్పించుకోగలరు.

గడువు అడగండి గానీ తరమకండి. ఆలస్యం అవుతోందని సగంలో వద్దనకండి. ఫోన్‌లో చూసిన రంగుకూ చేతికొచ్చిన రంగుకూ కాస్త తేడా ఉంటుంది, అక్కడక్కడ పోగు లావుగా తగులుతుంది. వాటికి చీర తిప్పి పంపడం అన్యాయం. రంగు కారితే, చిరుగు ఉంటే, కొలత తగ్గితే అది వేరే సంగతి, గట్టిగానే అడగండి. చీర అందిన రోజే మిగతా డబ్బు వేయండి. షోరూములు మూడు నెలలకు ఇచ్చే చోట మీరు అదే రోజు ఇస్తే, మీ ఫోన్ నంబర్ వాళ్లు మరిచిపోరు.

రంగుల గురించి కూడా ఒక ప్రశ్న వేయండి. ఒంటికి హాని చేసే కొన్ని అజో రంగులను మన దేశంలో 1997లోనే నిషేధించారు. నేతూళ్లలో రంగుల పని చేసేవాళ్లు తొడుగులు లేని చేతులతో వేడి తొట్లలో చిలపలు ముంచడం ఇప్పటికీ కనిపిస్తుంది. రంగు ఎక్కడ వేస్తారు, నీళ్లు ఎటు పోతాయి అని పది మంది అడిగితే సంఘాలు ఆ వైపు ఆలోచిస్తాయి. సహజ రంగులే కావాలని పట్టుబట్టనక్కర్లేదు, అవి అన్నిచోట్లా దొరకవు.

8. కొన్న చీరను పదేళ్లు కట్టండి

నెలకో చవక చీర కొని మూడో ఉతుకుకు పక్కన పడేసే అలవాటు మానితే, ఆ డబ్బుతోనే ఏడాదికి రెండు మంచి చేనేత చీరలు వస్తాయి. నూలు చీరను మొదటి రెండుసార్లు విడిగా, ఉప్పు వేసిన చల్లటి నీళ్లలో ముంచి తీయండి. తరవాత కుంకుడుకాయ రసం సరిపోతుంది. నీడలో ఆరబెట్టండి. గంజి పలచగా పెట్టండి, గంజితో ఎక్కువకాలం దాచితే పురుగు పడుతుంది. జరీ చీరను పాత నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, నల్లబడుతుంది. చిరిగితే రఫ్ఫు చేయించండి. కొంగు బాగుండి ఒళ్లు పోయిన చీర పిల్లలకు లంగాగా పనికొస్తుంది, ఆ తరవాత బొంత ఎలాగూ ఉంది.

9. మోసపోతే ఏం చేయాలి

బిల్లు లేకుండా కొనకండి. బిల్లు మీద "చేనేత", "పట్టు", "పోచంపల్లి ఇక్కత్" అని ఏ మాట చెప్పి అమ్మారో ఆ మాటే రాయించండి. రాయడానికి నసిగితే మీకు జవాబు దొరికినట్టే. మగ్గం ఇంట్లో కొన్నప్పుడు బిల్లు ఉండదు, యూపీఐలో డబ్బు వేసి వివరం రాయండి చాలు.

మరమగ్గం చీరను చేనేత అని అంటగట్టారని తేలితే ముందు షాపుకు రాతపూర్వకంగా చెప్పండి. తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు. నకిలీ సరుకు పెద్ద ఎత్తున అమ్ముతుంటే జిల్లా చేనేత, జౌళి శాఖ సహాయ సంచాలకుల కార్యాలయానికి చీర ఫొటోలు, బిల్లు నకలు జతచేసి అర్జీ ఇవ్వండి. రిజర్వేషన్ చట్టం కింద తనిఖీ చేయాల్సిన శాఖ అదే. అర్జీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. నెలలోగా ఏ కబురూ రాకపోతే, ఆ నకలు జతచేసి తనిఖీ జరిగిందా లేదా అని సమాచార హక్కు చట్టం కింద అడగండి.